గోడకి అవతల నా తలగడ

మా హంసధ్వని టవర్స్‌లో ఉమ్మడి సదుపాయాలు మూడు. లిఫ్టు, జనరేటరు, తుపాకి. లిఫ్టు కదలదు. జనరేటరు కదులుతుంది గానీ కరెంటివ్వదు. తుపాకి సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

టవర్స్ అన్నాను కదాని మెడ పైకెత్తి చూడక్కర్లేదు. తాడేపల్లిగూడెంలో, స్టేషనుకి అవతలి వైపు, నాలుగంతస్తుల బిల్డింగు. అందులో మొదటి అంతస్తులో రెండు బెడ్రూముల ఫ్లాటు నాది. ఏడో క్లాసులో బడి మానేసి, మోటారు సైకిళ్ళకి సీటు కవర్లు కుట్టి కుట్టి, నడుం వంగిపోయాక కొనుక్కున్నాను. ఒక బెడ్రూము నిండా ఫోము, రెక్సిను. రెండోదాంట్లో మంచం. ఆ మంచాన్ని వడ్రంగి గదిలోనే బిగించాడు. అది గుమ్మం కన్నా వెడల్పు, ఇక ఈ జన్మలో బయటికి రాదు. తల దక్షిణం వైపు. తలకీ దక్షిణం గోడకీ మధ్య తలగడ. గోడకి అవతల మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారి హాలు.

ప్రెసిడెంటు గారంటే పెన్మెత్స రామభద్రరాజు గారు. తూనికలు కొలతల శాఖలో పెద్ద హోదాలో రిటైరయ్యారు. కూరగాయల బండివాడు ఆయన్ని చూస్తే ఇప్పటికీ తక్కెడ దాచేస్తాడు. వాళ్ళ మావగారి తదనంతరం ఆయనకి సంక్రమించినవి రెండు: మోకాళ్ళ నొప్పి ఉన్న మేనత్తగారొకరు, జోడు గొట్టాల పన్నెండు బోరు తుపాకి ఒకటి. మేనత్తగారు కాలం చేశారు. తుపాకి ఉంది, లైసెన్సుతో సహా.

అది బీరువా వెనకాల గుడ్డ కప్పుకుని హాయిగా పడుండేది. పక్క అపార్టుమెంటులో దొంగ పడేదాకా.

దొంగ పట్టుకెళ్ళినవి ఒక గ్యాసు బండ, ఒక ఇడ్లీ పాత్ర, ఆరేసిన పట్టుచీర ఒకటి. కానీ మా వాళ్ళంతా బంగారం పోయినట్టే హడలిపోయారు. మర్నాడే సెల్లార్లో, స్కూటర్ల మధ్య కుర్చీలేసుకుని సర్వసభ్య సమావేశం పెట్టారు. రాజుగారు లేచి నిలబడి గొంతు సవరించుకున్నారు.

"సభ్యులారా! ప్రస్తుత శాంతిభద్రతల పరిస్థితుల దృష్ట్యా, నా వ్యక్తిగత ఆయుధాన్ని నేటి నుండి సంఘ ఉమ్మడి రక్షణ సదుపాయంగా పరిగణించవలసిందిగా సవినయంగా ప్రతిపాదిస్తున్నాను. ఏ ఫ్లాటులో అలికిడైనా నేను స్పందిస్తాను. ముందుగా నా ఫ్లాటులో."

చప్పట్లు మోగిపోయాయి. నేనూ కొట్టాను. రెండు కొట్టాక అనుమానం వచ్చి చేతులాగాయి.

"రాజుగారూ, చిన్న సందేహమండి."

"అడగవయ్యా గణపతీ."

"దొంగ మీ హాల్లోకొచ్చాడనుకోండి. మీరు కాల్చారు. తగిలిందా, సరే. తగల్లేదనుకోండి. ఆ గుండు ఎటెళ్తుందండి?"

"ఎటెళ్తుంది? గోడకెళ్తుంది."

"గోడ తర్వాతండి?"

"గోడ తర్వాత నాకు సంబంధం లేదయ్యా. అది నీ ఫ్లాటు."

"అక్కడ నా తలగడ ఉందండి."

అందరూ నవ్వారు. నవ్వని వాళ్ళిద్దరే. ఒకటి నేను. రెండు, మా సెక్రటరీ డీఈ గారు. ఆయనకి ఆదినారాయణ అని పేరుంది గానీ రోడ్లు భవనాల శాఖలో డీఈగా రిటైరయ్యాక ఆ పేరు ఎవరూ వాడటం లేదు. ఆయన మొహం వెలిగిపోయింది. రిటైరయ్యాక ఆయన చేతికి ఇంత మంచి సమస్య దొరకడం ఇదే మొదలు.

"ఇది సాంకేతిక అంశం. దీన్ని తొందరపడి నిర్ణయించరాదు. గోడను ఛేదించని, అదే సమయంలో దొంగను నిర్వీర్యం చేయగల తోటాను గుర్తించవలసి ఉంది. కావున తోటాల ఎంపిక మరియు గోడల భద్రతా ఉపసంఘాన్ని ఏర్పాటు చేయాలని కోరుతున్నాను."

అప్పటికప్పుడే ఏర్పాటైపోయింది. రాజుగారు అధ్యక్షులు, డీఈ గారు కన్వీనరు. బాధిత పక్షం ప్రతినిధిగా నా పేరు రాశారు.

"నాకింకా బాధ కలగలేదు కదండీ" అన్నాను.

"కలిగాక సభ్యత్వం ఇస్తే మీరు సమావేశాలకి హాజరు కాలేరు కదండీ గణపతి గారూ" అన్నారు డీఈ గారు. చదువుకున్న వాళ్ళ ముందుచూపే వేరు.

*

మర్నాడు పొద్దున్నే ఉపసంఘం మా బెడ్రూములోకి దిగింది. మా ఆవిడ మాణిక్యం అప్పుడే ఉప్మాలోకి పోపు వేసి, గరిటె చేత్తో పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది. డీఈ గారు గోడ కొలిచారు. మంచం కొలిచారు. తలగడ మందం కూడా కొలవబోతే రాజుగారు అడ్డం పడ్డారు.

"ఆ టేపు మీద శాఖ ముద్ర ఏదీ? ముద్ర లేని కొలత చెల్లదు. మా ఇంట్లో ఉంది, తెస్తానుండండి."

ముద్ర ఉన్న టేపుతో కొలిచినా గోడ నాలుగున్నర అంగుళాలే వచ్చింది. డీఈ గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"అమ్మా, మంచాన్ని ఇటుది అటు తిప్పి, తల ఉత్తరం వైపు పెట్టుకుంటే ఎలా ఉంటుందంటారు?"

మాణిక్యం గరిటె కిందికి దించింది. "ఉత్తరం తల పెట్టుకుని పడుకోమంటారా? మా ఇంటా వంటా లేదండి. మా అమ్మ చూస్తే నన్ను చీపురుతో కొడుతుంది."

"ఆచారాలు గౌరవనీయమే. కానీ సాంకేతికంగా ఆలోచించండి. కాళ్ళు గోడ వైపు ఉంటే, ప్రమాద తీవ్రత ప్రాణాపాయ స్థాయి నుండి అంగవైకల్య స్థాయికి గణనీయంగా తగ్గుతుంది."

"అంటే కాళ్ళు పోతాయనా?"

"పోతాయని కాదమ్మా. పోతే అవే పోతాయని."

"మరైతే మీరు వచ్చి పడుకోండి అన్నయ్యగారూ. మీ కాళ్ళు ఎలాగూ ఊరికే ఉన్నాయి కదా."

డీఈ గారు కాగితం మీద రాసుకున్నారు: నివాసితుల సహకారం సంతృప్తికరంగా లేదు.

*

ఆ సాయంత్రం రాజుగారి హాల్లో టీపాయ్ మీద పేపరు పరిచి తోటాలు పేర్చారు. ఎర్రవి, పచ్చవి, నీలం రంగువి. పెళ్ళిలో లడ్డూలు పేర్చినట్టు అందంగా ఉన్నాయి.

"ఇది ఎల్జీ" అన్నారు రాజుగారు ఎర్రది చేతిలోకి తీసుకుని. "లోపల ఆరు సీసం గుండ్లు, ఒక్కోటి పెద్ద బఠాణీ అంత. అడవి పంది ఎక్కడికక్కడ కూలబడుతుంది. ఇది నాలుగో నెంబరు, మిరియాలంతేసి, కుందేలుకి. ఇది ఎనిమిదో నెంబరు, ఆవాలంతేసి ఉంటాయి, లెక్కలేనన్ని. పిట్టలకి."

"దొంగకి ఏదండీ?" అన్నాను.

"దొంగకంటూ విడిగా తయారు చెయ్యరయ్యా. సర్దుకోవాలి."

డీఈ గారు అసలు ప్రశ్న లేవనెత్తారు. "దొంగ మందం ఎంత?"

ఎవరికీ తెలీదు. పుస్తకాల్లో లేదట. ప్రమాణాలూ లేవట. చివరికి వాచ్‌మన్ సన్యాసిరావుని పైకి పిలిపించారు. గోడకి ఆనించి నిలబెట్టి, ముద్ర ఉన్న టేపు పక్కనుంచి ఛాతీకి పట్టారు.

"దేనికండీ కొలతలు? యూనిఫారం కుట్టిస్తారా?" అన్నాడు వాడు ఆశగా.

"నువ్వు సగటు దొంగవి. ఊపిరి వదులు" అన్నారు డీఈ గారు.

"నేను కాపలా మనిషినండి బాబూ!"

"ప్రయోగం నిమిత్తమేరా. మనసులో పెట్టుకోకు."

సన్యాసిరావు ముందు నుంచి వెనక్కి తొమ్మిదంగుళాలు వచ్చాడు. గోడ నాలుగున్నర. డీఈ గారు కాసేపు లెక్కలేసి, పెన్ను కింద పెట్టి, ఒక మరణ వార్త చెబుతున్నట్టు చెప్పారు.

"మన గోడ దొంగ కన్నా పల్చన. కావున దొంగను ఆపగల తోటాను మన గోడ ఆపలేదు. మన గోడ ఆపగల తోటాను దొంగ లెక్కచేయడు."

నాకు సందు దొరికింది.

"అయితే తుపాకి వద్దనేద్దామండి. ఓ మంచి తాళం కప్ప కొందాం."

రాజుగారు నా వంక జాలిగా చూశారు. "ఉపసంఘం వేసింది సమస్య పరిష్కరించడానికయ్యా. నువ్వు సమస్యనే తీసెయ్యమంటే ఉపసంఘం ఏం చెయ్యాలి?"

ఇంతకీ, తోటాలు ఎంత దూరం వెళ్తాయో కాగితం మీద తేలదనీ, ప్రయోగాత్మకంగా చూడాలనీ డీఈ గారు తేల్చారు. కానీ నిజం గోడ మీద కాల్చకూడదు, అది ఉమ్మడి ఆస్తి. కావున నమూనా గోడ కట్టాలి.

*

డీఈ గారి బావమరిదికి మెట్ట వైపు కంకర క్వారీ ఉంది. అక్కడ రోజూ పేలుళ్ళే కాబట్టి ఇంకో మూడు చప్పుళ్ళు కలిస్తే ఎవరూ పట్టించుకోరు. గోడ కట్టడానికి తాతబ్బాయి మేస్త్రిని పిలిపించారు. మా బిల్డింగు కట్టింది కూడా అతనే. అదే ఇటుక, అదే మందం, అదే మేస్త్రి కాబట్టి ఫలితం కూడా అదే వస్తుందని డీఈ గారి సిద్ధాంతం.

కట్టినన్నాళ్ళూ ఉపసంఘం గొడుగులేసుకుని దగ్గరుండి చూసింది. ఇసుక జల్లించారు. సిమెంటు పాలు డీఈ గారే గమేళాలతో కొలిపించారు. గోడ నిలువు చూసే తూకం గుండు రాజుగారు స్వయంగా పరీక్షించారు. తర్వాత మూడు వారాలు రోజూ రెండు పూటలా గోడ తడిపించారు. ఒక పూట నేనూ వెళ్ళి మేస్త్రిని పక్కకి పిలిచాను.

"తాతబ్బాయీ, మా బిల్డింగు కట్టినప్పుడు ఇలాగే తడిపారా?"

"ఊరుకోండి గణపతిగారూ. అప్పుడు బిల్డరు గారు శ్లాబెప్పుడేస్తావని పీకల మీద కూర్చున్నారు. సిమెంటు ఇలా చూపించి అలా కలిపేశాం. గోడకి తడంటే ఆ ఏడు పడ్డ వానే."

"మరి దీన్నిలా కట్టావేం?"

"ఇంతమంది ఆఫీసర్లు గొడుగులేసుకుని నిలబడి చూస్తంటే మరోలా ఎలా కడతామండీ? చెయ్యి రాదు."

ప్రయోగం రోజు టిఫిను పొట్లాలు, మజ్జిగ ప్యాకెట్లతో అందరం క్వారీకి వెళ్ళాం. రాజుగారు తలకి తువ్వాలు చుట్టుకుని మూడు రకాలూ కాల్చారు. మొదటిదానికి ఆయన భుజం వెనక్కి పోయింది, రెండోదానికి కళ్ళజోడు పడిపోయింది. గోడకి మాత్రం ఏం కాలేదు. ఎల్జీ గుండ్లు సైతం పైన గుంటలు చేసి, కింద రాలి పడ్డాయి. డీఈ గారు వెనక్కెళ్ళి, గోడ అవతలి వైపు చేత్తో నిమిరి, కళ్ళు తుడుచుకున్నారు.

"మూడు తోటాలూ ఉత్తీర్ణత సాధించాయి" అని ప్రకటించారు. "ఏ తోటా కూడా గోడను ఛేదించదు. గణపతి గారి భద్రత శాస్త్రీయంగా నిరూపితమైనది."

కానీ మూడూ పాసైపోవడంతో వాటిలో ఏది ఎంపిక చెయ్యాలన్నది తేలలేదు. దాని మీద తులనాత్మక అధ్యయనం జరగాలని తదుపరి సమావేశానికి వాయిదా వేశారు.

*

నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఉపసంఘాన్ని బతిమాలి మా గదిలోకి తీసుకొచ్చాను. కొట్లోంచి తెచ్చిన స్క్రూడ్రైవరు గోడకి ఆనించి, బొటనవేలితో నొక్కాను. పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే దాని వెంట పావు తట్ట ఇసుక మంచం మీదకి రాలింది.

"చూశారాండి? సుత్తి లేదు, ఏం లేదు. నా వేలు."

రాజుగారు ఆ బెజ్జం వంక చిరాగ్గా చూశారు, లంచ్ టైములో వచ్చిన అర్జీదారుణ్ణి చూసినట్టు. డీఈ గారు మాత్రం చలించలేదు.

"గణపతి గారూ, ప్రమాణంగా తీసుకున్నది నమూనా గోడను. నివేదిక దాని ఆధారంగా తయారైంది. మీ గోడ నివేదికకు అనుగుణంగా ప్రవర్తించాలి గానీ, నివేదిక మీ గోడకు అనుగుణంగా మారదు."

"అది గోడండి. దానికి నివేదిక చదవడం రాదు."

"అందుకే ముందుజాగ్రత్త చర్యలు సూచిస్తున్నాం" అన్నారు రాజుగారు. "నీ దగ్గర ఫోము బోలెడుంది కదయ్యా. మీ వైపు గోడకి దట్టంగా అంటించెయ్యి. కుర్చీలో కూర్చుంటే ఎముకలకి తగలదు కదా, అలాగే గుండు తలకి తగలదు."

ఫోము అంటించాను. ఏం చేస్తాను, తల నాది. అయినా చాల్లేదు. రెండ్రోజులకి మా బెడ్రూము తలుపు మీద డీఈ గారు ఒక బోర్డు బిగించి వెళ్ళారు. ఎర్ర అక్షరాలు.

జీవరహిత మండలం. తోటా ఎంపిక పూర్తయ్యే వరకు ఈ గదిలో మనుషులు, పెంపుడు జంతువులు ఉండరాదు. ఇట్లు, ఉపసంఘం.

"అంటే మేమెక్కడ పడుకోవాలండీ?" అని మాణిక్యం అడిగితే, "హాలు పూర్తిగా సురక్షితం" అని సంతకం చేసి ఇచ్చారు.

హాల్లో చాప పరుచుకున్నాం. మంచం గుమ్మంలోంచి బయటికి రాదు కదా. మాణిక్యానికి మోకాళ్ళు అరిగిపోయాయి. కింద కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. పొద్దున్నే నేను చంకల్లో చేతులేసి లేపితేనే కాఫీ. తోటా ఎంపిక సమావేశానికి మొదటిసారి కోరం లేదు. రెండోసారి రాజుగారికి మనవరాలి ఓణీల ఫంక్షను. మూడోసారి డీఈ గారికి కంటి ఆపరేషను.

"ఏవండీ, మన గది మనకెప్పుడిస్తారు?" అని మాణిక్యం అడగని రోజు లేదు.

"తోటా తేలాక."

"తుపాకి ఆయనది, గోడ బిల్డరుది, దొంగ ఎవడో. కింద పడుకున్నది మనమా?"

నేను చాప సర్దాను. అంత సూటి ప్రశ్నకి ఉపసంఘంలో కూడా జవాబుండదు.

*

ఇంతలో రాజుగారికి కొత్త ఊపొచ్చింది. ఆదివారం పది గంటలకి మాక్ డ్రిల్లన్నారు. బిల్డింగులో ప్రతి ప్రాణీ సెల్లార్లోకి దిగాలి. రానివాళ్ళకి నోటీసు. దొంగ పాత్రకి మనిషి కావాలి గనక, సగటు దొంగగా అనుభవం ఉన్న సన్యాసిరావుకే ఇచ్చారు. మొహానికి మసి పూసి, నల్ల దుప్పటి కప్పి, గేటు వదిలేసి వచ్చి స్తంభం దగ్గర నిలబడమన్నారు.

రాజుగారు తుపాకిని సెల్లార్లోకి తెచ్చారు. దానికి పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశారు. హారతిచ్చారు. మా మాణిక్యం కూడా కళ్ళకద్దుకుంది, ఇక మా గది మాకిచ్చెయ్యమని మొక్కుకునుంటుంది. తర్వాత డీఈ గారు మైకు పట్టుకున్నారు.

"దొంగ ప్రవేశించినప్పుడు నివాసితులు మూడు దశలలో స్పందించవలెను. ఒకటవ దశ, దొంగను దొంగగా గుర్తించుట..."

పైనుంచి ధబ్, ధబ్ మని చప్పుడైంది. కొంచెం ఇసుక రాలినట్టు జరజరమని కూడా వినబడింది.

"డీఈ గారూ, మా గదిలోంచి వస్తోందండీ చప్పుడు" అన్నాను.

"అది జీవరహిత మండలం. అక్కడ చప్పుడయ్యే అవకాశం లేదు. అంతరాయం కలిగించకండి. రెండవ దశ..."

మూడవ దశలో సన్యాసిరావుని స్తంభానికి కట్టేసి ఫొటోలు దిగారు. అందరికీ గారెలు పెట్టారు. వాడు కట్టేసి ఉండగానే నోట్లో పెట్టారు. ఆ తర్వాత ఎవరి ఇంటికి వాళ్ళు బయలుదేరారు. దండతో సహా తుపాకి భుజానేసుకుని రాజుగారు ముందు, ఫైలు పట్టుకుని డీఈ గారు ఆయన వెనక, నేనూ మాణిక్యం ఆఖర్న.

మా తలుపు తాళం తీశాను. వంటింటి బాల్కనీ తలుపు బార్లా తెరిచుంది. బెడ్రూములోంచి దుమ్ము వస్తోంది. బోర్డున్న తలుపు తోశాను.

నా ఫోమంతా ఒలిచి శుభ్రంగా మడతపెట్టి కింద ఉంది. దాని మీద కూర్చుని పని చేసుకున్నట్టున్నాడు. మంచం మీద ఇసుక గుట్ట. పక్కన నా స్క్రూడ్రైవరు. నా తలగడకి సరిగ్గా పైన, గోడలో, వంగితే మనిషి పట్టేంత కంత. ఆ కంతలోంచి రాజుగారి హాలు, ఆయన సన్మానాల ఫొటోలు, సీలింగు ఫ్యాను అన్నీ కనబడుతున్నాయి. రాజుగారి గుమ్మానికి ఇనుప గ్రిల్లు, మూడు తాళాలు. దొంగ వాటి జోలికే పోలేదు. తేలిగ్గా ఉండే దారి చూసుకున్నాడు.

వాడింకా అక్కడే ఉన్నాడు. రాజుగారి వెండి కంచాలు సంచిలో వేసుకుని, కంతలోంచి ఒక కాలు ఇటు పెట్టి, నా తలగడ మీద నిలబడ్డాడు. బక్క మనిషి. తొమ్మిదంగుళాలుండడు.

సరిగ్గా అప్పుడే అవతల రాజుగారు తన తలుపు తీశారు.

"ఆగరా!"

తుపాకి లేచింది. బంతిపూల దండ గొట్టం మీద ఊగింది. రెండు నల్ల బెజ్జాలు, వాటి ముందు దొంగ, దొంగ వెనక నేను. ముగ్గురం ఒకే వరసలో ఉన్నాం. గోడ లేదు. దొంగ చేతులెత్తాడు. వాడితోపాటు నేనూ ఎత్తాను.

"గణపతీ, తప్పుకో! కాలుస్తున్నా!"

వెనకనుంచి మాణిక్యం నా చొక్కా పట్టుకుని లాగుతోంది, చొక్కా చిరుగుతోంది గానీ నేను రావట్లేదు. నలభై ఏళ్ళు సీట్లు కుట్టింది ఈ గదిలో ఇలా పోవడానికా అనిపించింది.

"రాజుగారూ! ఆగండి! గోడ!" అని అరుస్తూ డీఈ గారు ఆయన వెనకనుంచి పరిగెత్తుకొచ్చారు.

"గోడేదయ్యా?"

"ఫైల్లో ఉందండి! నాలుగున్నర అంగుళాలు, నమూనా ప్రకారం!" ఆయన ఫైలు తెరిచి రాజుగారి మొహానికి అడ్డంగా పెట్టారు. "తోటా ఎంపిక పూర్తయ్యే వరకు ఆ గోడ దిశగా కాల్పులు నిషిద్ధం. అధ్యక్షులుగా మీరే సంతకం చేశారు, చూడండి."

రాజుగారు కంత వంక చూశారు. సంతకం వంక చూశారు. కంతలో దొంగ ఉన్నాడు, కాగితంలో ఆయన సంతకం ఉంది. జీవితమంతా సంతకాలు పెట్టిన మనిషి. నెమ్మదిగా తుపాకి దించేశారు.

దొంగ ఓసారి వాళ్ళనీ ఓసారి నన్నూ చూశాడు. వాడికేం అర్థం కాలేదు, కానీ అర్థం చేసుకుంటూ కూర్చునే రకం కాదు. మంచం దిగి, "కొంచెం తప్పుకోండి బాబాయ్" అని నన్ను పక్కకి జరిపి, మాణిక్యాన్ని "జాగ్రత్తమ్మా, కింద ఇసకుంది" అని హెచ్చరించి, మెట్ల మీదుగా దిగిపోయాడు. గేటు దగ్గర ఎవరూ లేరు. సన్యాసిరావుని విప్పడం అందరూ మర్చిపోయారు.

నేను మంచం మీద కూలబడ్డాను. కంతలోంచి రాజుగారు నా ఎదురుగానే ఉన్నారు. ఇన్నాళ్ళూ అడగాలనుకున్నది అడిగాను.

"లోపల ఏం పెట్టారండి? ఎల్జీయా? పిట్టలదా?"

రాజుగారు తుపాకిని మధ్యకి విరిచి చూపించారు. రెండు గొట్టాల్లోంచీ ఆయన ట్యూబ్‌లైటు కనబడింది.

"ఖాళీ ఏంటండీ?"

"తోటా ఏదన్నది తీర్మానం కాకుండా ఎలా నింపుతామయ్యా? నిబంధనలకి విరుద్ధం కాదూ?"

"మొదట్నించీ ఖాళీయేనా?"

"క్వారీ నించి వచ్చిన దగ్గర్నించీ" అన్నారాయన, అదేదో తన నిజాయితీకి మెచ్చుకోలైనట్టు.

మాణిక్యం మోకాళ్ళు పట్టుకుని, గోడ పట్టుకోబోయి, గోడ లేదని గుర్తొచ్చి, నా భుజం పట్టుకుని కూర్చుంది.

*

అత్యవసర సమావేశంలో డీఈ గారు తుది నివేదిక చదివారు.

"గోడను ఛేదించినది దొంగ. తోటా కాదు. కావున తోటాల విషయమై ఉపసంఘం అంచనాలు అక్షరాలా నిజమైనవి." చప్పట్లు. "కంత ఫ్లాటు నెంబరు నూట మూడు వైపు నుండి ప్రారంభమైనందున, అందులో ఫ్లాటు యజమానికి చెందిన పరికరమే వినియోగించబడినందున, మరమ్మతు బాధ్యత సదరు యజమానిపై ఉన్నది."

"నేను గోడ పెట్టించనండి" అన్నాను లేచి. "మళ్ళీ గోడంటే మళ్ళీ ఉపసంఘం. నాకు నా మంచం చాలు."

డీఈ గారు ఆగి, ఆలోచించారు. మొదటిరోజు వెలిగినట్టే ఆయన మొహం మళ్ళీ వెలిగింది.

"సభ్యులు గమనించాలి. గణపతి గారు అత్యంత విలువైన సూచన చేశారు. గోడ లేనప్పుడు, గోడ ఛేదింపు అనే ప్రమాదం పూర్తిగా తొలగిపోతుంది. జీవరహిత మండలాన్ని కూడా రద్దు చేయవచ్చు. తోటా ఎంపికకు ఇక ఎట్టి సాంకేతిక అవరోధమూ లేదు."

ఏకగ్రీవంగా ఎల్జీ తీర్మానమైంది. అడవి పందిది. రాజుగారు అక్కడికక్కడే తుపాకి విరిచి, రెండు ఎర్ర తోటాలు దోపి, టక్కున మూశారు. ఆ టక్కుమన్న చప్పుడు బాగుందని ఎవరో అన్నారు.

బోర్డు విప్పేశారు. మా గది మాకొచ్చింది. మధ్యాహ్నం అన్నాలు తిని పడుకుందామని లోపలికెళ్ళాను. కంతకి అడ్డంగా మాణిక్యం నల్ల రెక్సిను వేలాడగట్టింది. దాని అవతల రాజుగారు టీవీ పెట్టుకుని, తుపాకి ఒళ్ళో పెట్టుకుని, గుర్రు పెడుతున్నారు. ఆయన గుర్రుకి రెక్సిను ఇటు పొంగుతోంది, అటు పొంగుతోంది.

మాణిక్యం ఇసుక దులిపింది. దుప్పటి మార్చింది. పుట్టింటి వైపు తిరిగి ఓ దణ్ణం పెట్టుకుంది.

తర్వాత రెండు తలగడలూ తీసుకెళ్ళి ఉత్తరం వైపు వేసింది.